ఆరని జాకెట్

మా మామయ్య ఆఖరిసారి పడవ ఎక్కిన వానాకాలం సంగతి ఇది. ఆయన్ని పడవ దింపింది నది కాదు, డాక్టరూ కాదు, మా అత్తయ్య. అదీ గొడవపడి కాదు, ఏడ్చి కాదు. ఒక్క మాటతో దింపింది. ఆ మాట ఆవిడ నోట్లోంచి రావడానికి ఎంత కష్టపడిందో చూసినవాణ్ణి నేను.

మామయ్య వాళ్ళది నది మీద బతుకు. కొండల్లోంచి నది రాళ్ళ మధ్య నురగలు కక్కుతూ దిగే చోట జనాన్ని రబ్బరు పడవల్లో ఎక్కించుకుని, కింద నీళ్ళు నెమ్మదించే మడుగు దగ్గర దింపడం వాళ్ళ పని. ముందు పడవ మామయ్యది, రెండో పడవ మా ఆవిడది. అత్తయ్య పడవ ఎక్కదు. ఒడ్డున రేకుల షెడ్డులో నిలబడి, వచ్చినవాళ్ళకి లైఫ్ జాకెట్లు ఎంచి తొడిగి బిగిస్తుంది. ఇక నేను ఇల్లరికపు అల్లుణ్ణి. పెళ్ళయిన కొత్తలో చెప్పుల కొట్లో పనిచేసేవాణ్ణి. ఆ కొట్టు మూతపడ్డాక అత్తారింటికి చేరితే, పాదాల కొలతలు తీసినవాడివి ఛాతీల కొలతలు తియ్యలేవా అని అత్తయ్య నన్ను షెడ్డులో పెట్టుకుంది. నాకు నీళ్ళంటే భయం. మోకాలి లోతు దాటితే దేవుళ్ళందరూ గుర్తొస్తారు. ఆ సంగతి పడవల మీద పనిచేసే గైడ్లందరికీ తెలుసు కాబట్టి నా పేరు ఎవరికీ అవసరం పడలేదు. అందరికీ నేను ఒడ్డు బావనే.

పని తేలిక అనుకున్నాను. కాదు. వచ్చినవాళ్ళు జాకెట్‌ని రంగు చూసి ఎంచుకుంటారు, ఫొటోలో మొహానికి నప్పాలంటారు. మగవాళ్ళయితే పట్టీ బిగించేటప్పుడు ఛాతీ పొంగించి నిలబడతారు. అలాంటివాళ్ళ ముందు అత్తయ్య చేతులు కట్టుకుని ఊరికే నిలబడేది. ఎంతసేపని ఊపిరి బిగబడతారు, అది కాస్తా దిగాక అప్పుడు పట్టీలు లాగేది. కింది పట్టీ ముందు, పైది తర్వాత. బిగించాక బల్ల మీద కూర్చోమనేది. నిలబడ్డప్పుడు సరిపోయిన జాకెట్ కూర్చుంటే గడ్డానికి తగులుతుంది, పడవలో ఎవరూ నిలబడి వెళ్ళరు కదా. చివరికి రెండు భుజాల దగ్గరా గుప్పిళ్ళతో పట్టుకుని పైకి లాగి చూసేది. జాకెట్ కదలకూడదు. అది చెవుల దాకా లేచిందంటే నీళ్ళలో మనిషి కిందికి జారిపోతాడు, జాకెట్ ఒక్కటీ పైన తేలుతుంది. మడుగులో అయితే కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు గానీ, నురగలో సగం గాలేనని, అది మనిషిని మొయ్యదని, అక్కడ ఒంటికి అతుక్కున్న జాకెట్టే దిక్కని ఆవిడ నాకు మొదటి రోజే చెప్పింది. ఎవరైనా జాకెట్‌ని కింద పరుచుకుని కూర్చుంటే మాత్రం ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. లోపలి స్పాంజి అణిగితే మళ్ళీ లేవదట.

ఆ నది మీద ఒక కట్టుబాటు ఉంది. జాకెట్ బిగించినవాళ్ళదే ఆఖరి మాట. ఆ మాట ముందు గైడూ లేడు, యజమానీ లేడు, పెద్దమనిషీ లేడు. తాగి వచ్చినవాడికీ, జ్వరం దాచుకుని వచ్చినవాడికీ, భయపడుతున్న పిల్లని బలవంతంగా లాక్కొచ్చిన తండ్రికీ అత్తయ్య ఒకటే మాట చెప్పేది: “మీకు సరిపోయే జాకెట్ నా దగ్గర లేదండీ.” వెనకాల కొక్కేలకి రంగురంగుల జాకెట్లు వేలాడుతూనే ఉండేవి. ఎదుటివాడు వాటిని చూసేవాడు, ఆవిణ్ణి చూసేవాడు, గొణుక్కుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయేవాడు. ఒకసారి ఎవరో పెద్ద హోదా గలాయన గొంతు పెంచబోతే మామయ్యే అడ్డొచ్చి, ఆవిడ కాదంటే నా పడవలో నాక్కూడా చోటు లేదండీ అని నవ్వాడు. ఆ నవ్వులో భార్యని చూసుకున్న గర్వం కనిపించింది.

ఆ ఏడాది వానలు ముందే దిగాయి. సీజన్ మొదలైన కొత్తలోనే మామయ్య మెట్లెక్కుతూ మధ్యలో ఆగడం చూశాను. తెడ్డు నేలకి ఆనించి నదిని చూస్తున్నట్టు నిలబడేవాడు. ఆయన నదిని చూడటంలో వింతేముందని నేనూ పట్టించుకోలేదు. కంచంలో సగం వదిలేస్తే వేడి చేసిందనేవాడు. చొక్కా భుజాల మీంచి జారుతుంటే ఉతికి ఉతికి సాగిపోయిందనేవాడు. ఒకసారి డాక్టరుకి చూపించుకుందాం నాన్నా అని మా ఆవిడ బతిమాలితే, ఈతకి మించిన లోతు లేదమ్మా, నాకేమవుతుంది అని మాట దాటేసేవాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు, ఇక మేమెంత.

జాకెట్ మాత్రం ఆయనకి ఎప్పట్లాగే దిట్టంగా కూర్చునేది. గైడ్లకి అత్తయ్యే బిగిస్తుంది, నాది వచ్చేపోయే జనం వరకే. రోజూ ఆవిడ ఆయన భుజాలు పట్టి లాగడం, జాకెట్ కదలకపోవడం, ఆయన హెల్మెట్ పెట్టుకుని మెట్లు దిగడం చూస్తూనే ఉన్నాను. మనిషి చిక్కుతున్నాడు, జాకెట్ మాత్రం వదులు కావడం లేదు. కానీ ఇంట్లో మనిషిని ఎవరు కొలుస్తూ కూర్చుంటారు.

ఒకరోజు పడవలకి సెలవు. అత్తయ్యా మా ఆవిడా జాకెట్ పట్టీలకి కొత్త బకిళ్ళు కొనుక్కురావడానికి పొద్దున్నే బస్సెక్కి వెళ్ళారు. మామయ్య లోపల పడుకుని ఉన్నాడు. పగలు పడుకోవడం ఆయనకి అలవాటు లేని పని. నేను తీగ మీద ఆరిన జాకెట్లు తీసి కొక్కేలకి తగిలిస్తున్నాను. అందులో మామయ్యది లేదు. ఆ సీజన్‌లో ఆయన జాకెట్‌ని అత్తయ్య తనే తీసుకెళ్ళి ఇంటి వెనక వసారాలో ఆరేస్తోంది. ఈ వయసులో ఈ మురిపెమేంటని గైడ్లు వేళాకోళం కూడా చేసేవాళ్ళు. దాన్ని కూడా తెచ్చేస్తే ఒక పని అయిపోతుందని వసారాలోకి వెళ్ళాను.

జాకెట్ కింద నేల తడిగా ఉంది. మిగతావన్నీ ముందురోజు సాయంత్రానికే ఆరిపోయాయి, ఇది ఇంకా బొట్లు కారుస్తోంది. కొక్కెం మీంచి తీస్తే నీళ్ళ బిందెలా బరువుగా చేతికొచ్చింది. పక్కలు నొక్కితే నీళ్ళు కారాయి. లోపలి అస్తరు పట్టుకుని తడిమి చూశాను. అస్తరుకీ స్పాంజికీ మధ్య, వీపు వైపూ రెండు పక్కలా, మడతలు వేసిన తువ్వాలు గుడ్డ పెట్టి కుట్టి ఉంది. కుట్టు ఎవరిదో ఒకరిని అడగక్కర్లేదు. షెడ్డులో చిరిగి బాగుపడ్డ ప్రతి జాకెట్ మీదా ఆ కుట్టే.

పొడిగా ఉన్నప్పుడు ఆ గుడ్డ లోపలి ఖాళీనంతా నింపేస్తుంది. ఒడ్డున ఎవరు లాగి చూసినా జాకెట్ కదలదు. మరి తడిస్తే ఏమవుతుంది? గైడ్లని అడగొచ్చు. కానీ కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, వాళ్ళలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని వదిలేద్దామనీ అనుకున్నాను. అలా అనుకుంటూనే జాకెట్‌ని పిండి, నొక్కి, దండెం మీద ఎండలో వేశాను. మధ్యాహ్నం దాటాక గానీ అది ఆరలేదు. పడవలున్న రోజుల్లో అత్తయ్య దాన్ని రాత్రే పిండి, పొయ్యి వెచ్చదనానికి పెట్టి ఆరబెట్టేదని తర్వాత తెలిసింది.

ఆరాక తొడుక్కున్నాను. నేను మొదట్నుంచీ బక్కపలచటి మనిషిని. మామయ్య జాకెట్ నాకు దుప్పటిలా వేలాడాలి. వేలాడలేదు. పట్టీలు అత్తయ్య బిగించిన చోటే ఉన్నాయి, సరిగ్గా నాకు సరిపోయింది. అంటే ఆయన ఒళ్ళు నా ఒంటికి వచ్చేసింది. ఆ మనిషి గుమ్మంలో నిలబడితే వెనకాల గది కనిపించేది కాదు ఒకప్పుడు.

మడుగు దగ్గర మెట్లకి ఇనప గొలుసు ఉంది. అది రెండు చేతులా పట్టుకుని, దేవుళ్ళని వరసపెట్టి తలుచుకుంటూ మెడ లోతుకి దిగాను. మొదట బాగానే ఉంది. జాకెట్ నన్ను ఎత్తి పట్టుకుంది. ఒడ్డున రబ్బరు పడవ కడుగుతున్న గైడు ఒకడు, ఒడ్డు బావ మునుగుతున్నాడురోయ్ అని అరిచి నవ్వాడు. కాసేపటికి వీపు మీద గుడ్డ బరువెక్కింది. గుడ్డ నీళ్ళు తాగి పలచబడుతున్న కొద్దీ జాకెట్ పైకి జరుగుతోంది. గడ్డం దాకా వచ్చింది. తర్వాత పెదాల దాకా. నేను లోపల కిందికి జారుతున్నాను, అది మాత్రం నిక్షేపంగా తేలుతోంది. అదీ మడుగులో, గొలుసు పట్టుకుని ఉండగా. తల తిప్పి చూస్తే మెట్ల పైన అత్తయ్య నిలబడి ఉంది, చేతిలో బకిళ్ళ సంచీ.

నేనేమీ చెప్పలేదు. నా నోరు జాకెట్ లోపల ఉంది.

ఆవిడ సంచీ మెట్టు మీద పెట్టి, దిగివచ్చి, రెక్క పట్టుకుని నన్ను పైకి లాగింది. జాకెట్ విప్పి చేతుల్లోకి తీసుకుంది. దాన్నుంచి నీళ్ళు ధార కట్టి ఆవిడ పాదాల మీద పడుతుంటే చూస్తూ నిలబడింది. గైడు ఏమనుకున్నాడో గాని పడవ వదిలేసి అవతలికి వెళ్ళిపోయాడు. మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం.

ఎప్పట్నుంచి అని అడిగాను.

“సీజన్ మొదటి రోజు పట్టీ లాగుతుంటే ఆఖరికి వచ్చేసింది బాబూ,” అంది. “ఇంక లాగడానికి లేదు. ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. ఏం చెప్పమంటావు? రేపు చెప్దాం అనుకున్నా. ఆ రాత్రే కుట్టేశా.”

తర్వాత చాలాసేపు తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పుకుపోయింది. వానలు తగ్గేసరికి మళ్ళీ ఒళ్ళు చేస్తారనుకుందట. నది మీద ఉన్నన్నాళ్ళూ ఆయనకి ఏమీ కాదనుకుందట. ఒడ్డున కూర్చోబెడితే పడుకుంటారు, ఒకసారి పడుకుంటే ఇక లేవరు అని భయమట. గుడ్డ తడిస్తే ఏమవుతుందో మీకు తెలియదా అత్తయ్యా అన్నాను, గొంతు కాస్త గట్టిగానే. ఎంతమందికి ఎన్నేళ్ళు జాకెట్లు బిగించిన మనిషి ఆవిడ.

“తెలుసు. ఆయన పడవలోంచి పడరు కదా అనుకున్నాను,” అంది. “ఇన్నేళ్ళలో ఎప్పుడైనా పడ్డారా?”

పడేవాళ్ళకే కదా జాకెట్. ఆ సంగతి ఆవిడ ప్రతివాడికీ చెప్పేది. సొంత మొగుడి దగ్గరికి వచ్చేసరికి ఆయన పడడని నమ్మింది. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, అంతలోనే ఏడుపూ వచ్చింది. పోనీ నేను చెప్తానన్నాను.

“నువ్వు చెప్తే వినరు. ఒడ్డు మీద ఉన్నవాడివి నీకేం తెలుసంటారు,” అని లేచి నిలబడింది. “బిగించేది నేను. చెప్పాల్సిందీ నేనే.”

అలా అంది గానీ చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు, ఆ పైరోజూ చెప్పలేదు. అదృష్టవశాత్తూ ఆ రోజుల్లో వానలు వెనక్కి తగ్గి, నది చల్లబడి ఉంది. పడవలు కింది భాగంలోనే తిరుగుతున్నాయి. నేను మింగలేక కక్కలేక చివరికి మా ఆవిడకి చెప్పాను. తెడ్లు తుడుస్తున్నదల్లా గుడ్డ పక్కన పెట్టి, అమ్మ అలా చేస్తుందా అని ఒక్క మాట అంది. పొద్దున్నే నన్ను పక్కకి పిలిచి, మనం చెప్తే అమ్మని దొంగని చేసినట్టవుతుంది, అమ్మకే వదిలెయ్యి, అయితే పెద్ద నీళ్ళు వచ్చేలోపు చెప్పకపోతే మాత్రం నేను ఊరుకోను అంది. పడవలో ఉన్నప్పుడు ఆవిడ గొంతు ఎలా ఉంటుందో అప్పుడూ అలాగే ఉంది. దానికి ఎదురు చెప్పే ధైర్యం నాకు ఏనాడూ లేదు.

పెద్ద నీళ్ళు రానే వచ్చాయి. కొండల మీద వారం పొడుగునా కురిసింది. నది మట్టిరంగుకి తిరిగింది, దాని చప్పుడు మారింది. ఇంట్లో మాట్లాడుకుంటుంటే కూడా ఒకరికొకరు కాస్త గట్టిగా చెప్పుకోవాల్సి వచ్చేది. పై భాగంలో తిరగలి అని ఒక చోటుంది. అక్కడ నీళ్ళు పెద్ద బండ మీంచి పడి, మళ్ళీ వెనక్కి తిరిగి తమ మీద తామే పడతాయి. దాంట్లో పడ్డది ఏదైనా అక్కడే తిరుగుతూ ఉంటుంది. అలాంటి నీళ్ళున్నప్పుడు పై నుంచి ముందు పడవ తీసుకురావడం మామయ్యకే చెల్లు. ఆ నీళ్ళ కోసమే కాచుకున్న బృందం ఒకటి దిగింది, అందరూ తెడ్డు పట్టడం బాగా వచ్చినవాళ్ళే. మామయ్య పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాడు. చాలా రోజుల తర్వాత కంచం ఖాళీ చేశాడు. ఆయన మొహంలో ఆ వెలుగు చూస్తే ఎవరికి చెప్పబుద్ధవుతుంది.

నేను షెడ్డు తలుపు తియ్యడానికి వెళ్తే అత్తయ్య అప్పటికే లోపల ఉంది. కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, మామయ్య జాకెట్ ఒళ్ళో పెట్టుకుని, చిన్న కత్తెరతో కుట్లు తెంపుతోంది. తువ్వాలు గుడ్డలు మడతలతో సహా పక్కన పెట్టి ఉన్నాయి. దారం ముక్కలు ఏరి, జాకెట్ కొక్కేనికి తగిలించి, మొహం కడుక్కుని వచ్చింది.

బృందంలో అందరికీ ఇద్దరం కలిసి బిగించాం. తర్వాత గైడ్లు. మా ఆవిడకి బిగించేటప్పుడు తల్లీకూతుళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. ఆఖరున మామయ్య హెల్మెట్ పెట్టుకుని వచ్చి ఎప్పట్లాగే రెండు చేతులూ పక్కకి చాపి నిలబడ్డాడు. షెడ్డు నిండా జనం. అత్తయ్య జాకెట్ తొడిగింది. కింది పట్టీ లాగింది. పై పట్టీ లాగింది. రెండూ చివరిదాకా వచ్చేశాయి. కూర్చోమంటే బల్ల మీద కూర్చున్నాడు. ఆవిడ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగింది.

జాకెట్ ఆయన చెవుల దాకా లేచింది.

అక్కడున్న వాళ్ళందరికీ దాని అర్థం తెలుసు. మామయ్య తల వంచి తన ఛాతీ వైపు చూసుకున్నాడు, ఎవరిదో ఒళ్ళు చూస్తున్నట్టు.

“ఇంకొంచెం లాగు,” అన్నాడు.

“ఇంక లేదండీ.”

“అయితే చిన్నది తే.”

చిన్న జాకెట్లు ఆవిడ వెనకాలే ఉన్నాయి. చెయ్యి చాపితే అందుతాయి. ఆవిడ చెయ్యి చాపలేదు. వంగి, ఒక్కొక్క బకిలూ విప్పి, జాకెట్ ఆయన ఒంటి మీంచి తీసి తన చేతి మీద వేసుకుంది. అప్పుడు ఆ మాట అంది. రోజూ ఎవరికో ఒకరికి చెప్పే గొంతుతోనే అంది, హెచ్చూ లేదు తగ్గూ లేదు.

“మీకు సరిపోయే జాకెట్ నా దగ్గర లేదండీ.”

మామయ్య ఆ కొక్కేల వైపు చూశాడు, ఆవిణ్ణి చూశాడు. నా వైపు చూస్తాడేమోనని నేను తల దించుకున్నాను. ఆయన కాదంటే కాదనొచ్చు. పడవలు ఆయనవి, షెడ్డు ఆయనది. కానీ ఆ కట్టుబాటు పెట్టిందీ ఆయనే. లేచి, హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి, కూతురితో మాట్లాడాడు.

“ముందు పడవ నువ్వు తీసుకో. తిరగలి దగ్గర ఎడమకి పట్టు. ఎడమకి అని నీకనిపించాక ఇంకా ఎడమకి పట్టు.”

అంతే. మెట్లెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు మాత్రం మధ్యలో ఆగలేదు.

పడవలు క్షేమంగా తిరిగొచ్చాయి. అరిచి అరిచి మా ఆవిడ గొంతు పోయింది. వరండాలో కుర్చీలో కూర్చున్న మామయ్య, ఎడమకే పట్టావా అని అడిగాడు. పట్టాను నాన్నా అంది. ఆయన తల ఊపాడు. అత్తయ్య మంచినీళ్ళు తెచ్చి ఇస్తే తీసుకుని తాగి, గ్లాసు కింద పెట్టాడు. ఆవిడతో మాత్రం మాట్లాడలేదు.

మాట్లాడలేదంటే ఆ పూటకి కాదు. ఆ రోజు నుంచి ఆవిడతో మాట మానేశాడు. ఎలాగూ ఖాళీయేగా అని మర్నాడే డాక్టరు దగ్గరికి బయల్దేరాడు, కూతుర్నీ నన్నూ తోడు తీసుకుని. ఆ పరీక్షా ఈ పరీక్షా అయ్యాక డాక్టరు మమ్మల్నిద్దర్నీ వరండాలోకి పిలిచి, జబ్బు కడుపులో పుట్టి చాలా దూరం పాకిందని, చలికాలం దాటుతుందని తాను చెప్పలేనని అన్నాడు. మేం బయటికొచ్చి ఎలా చెప్పాలా అని నీళ్ళు నములుతుంటే మామయ్యే, నది మీద పెరిగినవాణ్ణి, నీళ్ళు ఎటు పోతున్నాయో నాకు తెలియదా, చెప్పండి అన్నాడు. చెప్పాం.

ఇక అక్కణ్ణించి నా పాట్లు మొదలయ్యాయి. ఆయన మంచం మీద, ఆవిడ మంచం పక్కన, ఇద్దరి మధ్యా నేను. కిటికీ మూస్తుందా లేదా అని మీ అత్తగారిని అడుగు అనేవాడు. మూస్తే ఉక్కపోస్తుందని మీ మామగారికి చెప్పు అనేది ఆవిడ. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉన్న మనుషులకి నేను ఒకరి మాట ఒకరికి అప్పజెప్పేవాణ్ణి. మొదట్లో నవ్వొచ్చేది. పోనుపోను నవ్వు పోయింది. ఆవిడ ఆయనకి నోట్లో ముద్ద పెట్టేది, ఒళ్ళు తుడిచేది, కాళ్ళు పట్టేది. ఆయన అన్నీ చేయించుకునేవాడు, మొహం మాత్రం గోడ వైపు పెట్టుకునేవాడు. పగవాడిక్కూడా వద్దు ఆ చూపు.

ఒకరోజు షెడ్డులో జాకెట్లు సర్దుతూ అత్తయ్య ఉన్నట్టుండి చతికిలబడింది. మనిషి పోతాడని తెలిసి కూడా గట్టిగా ఉన్నదల్లా అప్పుడు కూలబడిపోయింది.

“ఎలాగూ పోతారు బాబూ, అది నా చేతిలో లేదు,” అంది. “ఇలా నాతో మాట లేకుండా పోతారేమోనని భయంగా ఉంది. పోయేలోపు ఒక్కసారి తిట్టినా చాలు.”

మా ఆవిడ తండ్రి దగ్గర కూర్చుని బతిమాలింది, కోప్పడింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేనూ ఒకసారి ధైర్యం చేసి, అత్తయ్య చేసింది మీ మంచికే కదా మామయ్యా అన్నాను. నీ పని నువ్వు చూసుకోవోయ్ అన్నాడు. నా పని వాళ్ళ మాటలు మొయ్యడమే కదా. మోస్తూ పోయాను.

వానలు వెనకబట్టాయి. నదిలో రాళ్ళు మళ్ళీ బయటపడ్డాయి. సీజన్ అయిపోయిందని మా ఆవిడ జాకెట్లన్నీ పెరట్లో వేసి ఉతకడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం పూట, గదిలోకి ఎండ వస్తోంది. నేను స్టూలు మీద కూర్చుని మామయ్య పాదం ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు తీస్తున్నాను. పాదాల పని నాకు చేతనయిందే. అత్తయ్య మంచం అవతల కూర్చుని బట్టలు మడత పెడుతోంది. ఆయన నిద్రపోతున్నాడనుకున్నాం.

“మీ అత్తగారిని అడుగు,” అన్నాడు కళ్ళు తెరవకుండానే, “ఆ గుడ్డ ఎందుకు కుట్టిందో.”

ఆ సంగతి ఆయన ముందు మేమెవ్వరం ఎత్తలేదు. నేను అత్తయ్య వైపు చూశాను. అడగాల్సిన పని లేదు, ఆవిడ విన్నది. చేతిలో బట్ట చేతిలోనే ఉండిపోయింది.

“చెప్పు బాబూ మీ మామగారికి,” అంది. “చిక్కిపోయారని ఆయనకి తెలిస్తే బెంగపెట్టుకుంటారని.”

“తెలుసని చెప్పు.”

“ఏం తెలుసట?” అంది ఆవిడ, నన్నే చూస్తూ.

ఆయన కళ్ళు తెరిచాడు. గోడ వైపున్న మొహాన్ని ఇటు తిప్పాడు. తిప్పడానికి కూడా ఆయనకి కష్టంగా ఉంది.

“నాకు తెలుసే,” అన్నాడు. “కుట్టిన మర్నాడే తెలిసింది. ఒడ్డెక్కితే వీపు మీంచి అన్ని నీళ్ళు కారుతుంటే తెలీదా?”

ఆయన పాదం నా చేతిలో ఉంది. గోరు తియ్యాలో పాదం వదిలెయ్యాలో నాకు తోచలేదు.

“తెలిసి ఎందుకు వేసుకున్నారు?”

“నువ్వు కుట్టావు కదా.” కాస్త ఊపిరి తీసుకున్నాడు. “నాకు తెలిసిపోయిందని నీకు తెలిస్తే భయపడతావనుకున్నా.”

అత్తయ్య బట్టలన్నీ పక్కకి తోసేసింది. “మరి ఇన్నాళ్ళూ నాతో ఎందుకు మాట్లాడలేదు?”

“నలుగురిలో చెప్పావు. ఇంట్లో నాకొక్కడికీ చెప్పొచ్చుగా.”

“ఇంట్లో చెప్తే వినేవారా?”

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, పైకప్పు వైపు చూస్తూ.

“వినేవాణ్ణి కాదు,” అన్నాడు.

“అందుకే.”

ఆయనకి నవ్వొచ్చింది, దాని వెనకాలే దగ్గొచ్చింది. ఆవిడ లేచి వెళ్ళి ఆయన తల ఎత్తి తన భుజానికి ఆనించుకుంది. దగ్గు తగ్గాక కూడా ఆయన అక్కడే ఉండిపోయాడు. నేను పాదాన్ని మెల్లిగా మంచం మీద పెట్టి, చప్పుడు చెయ్యకుండా బయటికి వచ్చేశాను. ఇక ఆ గదిలో నాకు పని లేదు.

పెరట్లో మా ఆవిడ బ్రష్షుతో జాకెట్ రుద్దుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపి, నాన్న గొంతు వినపడుతోందేంటి, ఎవరితో అని అడిగింది.

“మీ అమ్మతో,” అన్నాను.

మా ఆవిడ సబ్బు చేతులతోనే మొహం కప్పుకుంది. నేను పక్కన కూర్చున్నాను. లోపల ఆయన ఏదో అంటున్నాడు, ఆవిడ కాదంటోంది.